ప్రొసీజర్లు గిట్‌లో పెడదామంటే "బ్యాకప్ ఉంది కదా" అంటున్నారు. ఏం చెప్పాలి?

సీతమ్మధార_స్వాతి
మాది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వెనక ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017. లెక్కలన్నీ స్టోర్డ్ ప్రొసీజర్లలోనే, అంటే డేటాబేస్ లోపలే ఉండే చిన్న ప్రోగ్రాముల్లోనే, 340 పైచిలుకు. సీ షార్ప్ కోడ్ అంతా గిట్‌లో, అంటే ప్రతి మార్పునీ చరిత్రతో దాచే టూల్‌లో ఉంది, ఒక్క కామా మార్చినా ఇంకొకరు చూసి సరే అంటేనే మెర్జ్ అవుతుంది, అంటే అసలు కోడ్‌లో కలుస్తుంది. ప్రొసీజర్లకి మాత్రం ఇల్లూ వాకిలీ లేవు. ప్రొడక్షన్లో, అంటే కస్టమర్లు వాడే సర్వర్లో, ఏదుంటే అదే అసలు. మిగతావన్నీ ఎవరి డెస్క్‌టాప్ మీద వాళ్ళ కాపీలు.

పోయిన మంగళవారం ఆలస్య రుసుములో పైసల రౌండింగ్ తప్పు సరిచేశాను. వారం పట్టింది, ఎందుకంటే అది ఐదు ప్రొసీజర్లలో పాకి ఉంది. శుక్రవారం మా టీమ్‌లోనే ఇంకొకాయన తన దగ్గరున్న రెండు వారాల కిందటి ఫైలు తెరిచి, తన మార్పేదో చేసుకుని, ఆల్టర్ (ఉన్న ప్రొసీజర్ మీద కొత్తది రాసే కమాండ్) కొట్టేశారు. నా మార్పు కొట్టుకుపోయింది. ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. సోమవారం కస్టమర్ ఫోన్ చేసి అరిస్తే తెలిసింది. "అసలు నువ్వు సరిచేశావా?" అని మీటింగ్‌లో అందరి ముందూ అడిగారు. చేశానని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

గిట్‌లో పెడదామంటే మా లీడ్ మాట ఒకటే: "రోజూ రాత్రి బ్యాకప్ తీస్తున్నాం కదా, మళ్ళీ ఇదెందుకు?" ఏం చెప్పి ఒప్పించాలి? ఒప్పుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సెలెక్ట్_స్టార్
పేరు చివర ఓల్డ్, న్యూ, బీకేపీ, ఫైనల్, ఫైనల్2 అని ఎన్ని ప్రొసీజర్లున్నాయో లెక్కపెట్టి చెప్పండి. జబ్బు ఎంత ముదిరిందో దాన్నిబట్టి చెప్పేస్తాం.

సీతమ్మధార_స్వాతి
లెక్కపెట్టాను. 47. అందులో "వాడొద్దు" అని పేరులోనే ఉన్నది ఒకటి. దాన్ని ఇప్పటికీ ఒక జాబ్ రోజూ పిలుస్తోంది.

గాజువాక_డీబీఏ
ముందు మీ పరువు సంగతి చూద్దాం, గిట్ తరవాత. బ్యాకప్ ఉందని మీ లీడే అంటన్నారు కదా. బుధవారం, గురువారం రాత్రుల బ్యాకప్‌లలో ఏదో ఒకటి పక్క సర్వర్లో వేరే పేరుతో రిస్టోర్ చేయించండి. సిస్ డాట్ ఎస్‌క్యూఎల్ మాడ్యూల్స్ అని డేటాబేస్ తన కోసం ఉంచుకునే జాబితాలో ఆ ఐదు ప్రొసీజర్ల టెక్స్ట్ ఉంటాది. శుక్రవారం రాత్రి బ్యాకప్‌లోది తీసి పక్కపక్కన పెట్టండి. మీరు చేసిందీ కనపడతాది, ఎప్పుడు పోయిందీ కనపడతాది. సిస్ డాట్ ఆబ్జెక్ట్స్‌లో మాడిఫై డేట్ కూడా చూడండి.

ఇంకోటి. 18 ఏళ్ళుగా డీబీఏ పని, అంటే డేటాబేస్‌లు చూసుకునే పని, చేస్తన్నాను. డెవలపర్లు ప్రొడక్షన్ మీద నేరుగా ఆల్టర్ కొట్టగలుగుతున్నారంటే అసలు రోగం అక్కడుంది. ఆ పర్మిషన్ తీసేస్తే సగం గొడవ పోతాది. గిట్ పెట్టినా ఆ తలుపు తెరిచుంటే ఏటి లాభం?

ఋషికొండ_గాలి
పర్మిషన్ మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ తలుపు మూసేస్తే ఏమవుతుంది? అందరూ మీకు మెయిల్లో ఫైళ్ళు పంపుతారు. శుక్రవారం ఆయన పంపిన పాత ఫైలు మీరే నడిపేవారు. పాత కాపీ మీద మార్పు చేశాడని మీకెలా తెలుస్తుంది? రెండు మార్పులు ఒకే చోట ఢీకొంటున్నాయని చెప్పేది గిట్ మెర్జ్ ఒక్కటే. బ్యాకప్ చెప్పదు, డీబీఏ చెప్పలేరు.

గాజువాక_డీబీఏ
నేనైతే నడిపే ముందు ప్రొడక్షన్లో ఉన్నదాంతో పోల్చి చూస్తాను. అందరూ చూస్తారని అనను.

ఎంవీపీ_మూర్తి
"బ్యాకప్ ఉంది కదా" అనే మాట వింటే నాకు 2014 అక్టోబర్ 12 గుర్తొస్తుంది. ఆదివారం. విశాఖలో హుద్‌హుద్ తుఫాను.

అప్పుడు నేను పనిచేసే ఆఫీసు నాలుగో అంతస్తులో. సముద్రం వైపు అద్దాలన్నీ పగిలి, వాన నేరుగా సర్వర్ గదిలోకి కొట్టింది. ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్డు మీద ఎక్కడ చూసినా పడిపోయిన చెట్లే. నాలుగో రోజు లోపలికి వెళ్ళగలిగాం. సర్వర్ పోయింది. కంగారు పడలేదు, ఎందుకంటే రోజూ మైఎస్‌క్యూఎల్ డంప్ హైదరాబాద్ ఆఫీసుకి వెళ్ళేది. శనివారం రాత్రిది భద్రంగా ఉంది. తెప్పించి రిస్టోర్ చేశాం. టేబుళ్ళు వచ్చాయి, డేటా వచ్చింది, ట్రిగ్గర్లు (డేటా మారినప్పుడు వాటంతటవే నడిచేవి) కూడా వచ్చాయి. అప్లికేషన్ పైకి లేపితే ప్రతి స్క్రీన్లోనూ ఎర్రర్. ప్రొసీజర్ ఒక్కటీ లేదు.

మైఎస్‌క్యూఎల్‌డంప్ మామూలుగా ట్రిగ్గర్లని తీసుకుంటుంది గానీ ప్రొసీజర్లనీ ఫంక్షన్లనీ తీసుకోదు. దానికి రొటీన్స్ అనే ఆప్షన్ విడిగా ఇవ్వాలి. షెడ్యూల్ చేసిన ఈవెంట్లకి ఇంకో ఆప్షన్. మా స్క్రిప్ట్ రాసినవాళ్ళకి ఆ సంగతి తెలీదు, మేమెవరమూ ఒక్కసారి కూడా రిస్టోర్ చేసి చూడలేదు. ఎవరి లాప్‌టాప్‌లో ఏ ముక్క ఉందో వెతుక్కుని, ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్ళిపోయిన ఒకతన్ని ఫోన్లో పట్టుకుని, 60 ప్రొసీజర్లు పోగు చేయడానికి మూడు వారాలు పట్టింది. అందులో పది దాకా మళ్ళీ మొదట్నుంచి రాసుకున్నాం. ఆ ప్రొసీజర్లు గిట్‌లో ఉంటే ఆ మధ్యాహ్నానికే లేచి కూర్చునేవాళ్ళం.

స్వాతి గారూ, మీది ఎస్‌క్యూఎల్ సర్వర్ కాబట్టి ఫుల్ బ్యాకప్‌లో ప్రొసీజర్లు ఉంటాయి, ఆ భయం లేదు. కానీ మీ లీడ్‌ని ఒక్క ప్రశ్న అడగండి: ఆ బ్యాకప్‌ని ఆఖరిసారి ఎప్పుడు రిస్టోర్ చేసి చూశారు?

తగరపువలస_తేజ
అప్పుడు నేను ఆరో క్లాసు. మా పెంకుటిల్లు కప్పు ఎగిరిపోయింది. ఆ రాత్రి శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఒక డౌట్ అడగొచ్చా? నేను ఉద్యోగంలో చేరి ఆరు నెలలే. టేబుళ్ళు కూడా గిట్‌లో పెడతారా? టేబుల్ అంటే డేటా కదా?

పాత_పోర్టు
తేజా, మంచి ప్రశ్న. ఇక్కడే చాలామంది తికమక పడతారు.

ప్రొసీజర్, వ్యూ, ఫంక్షన్, ఒరాకిల్ అయితే ప్యాకేజీ, ఇవన్నీ ఉత్త టెక్స్ట్. పాతది తీసి కొత్తది పెడితే సరిపోతుంది, పోయేదేమీ ఉండదు. కాబట్టి ఒక్కోదానికి ఒక్కో ఫైలు పెట్టుకుని, సీ షార్ప్ ఫైల్‌లాగే మార్చుకుంటూ పోవచ్చు. టేబుల్ అలా కాదు. కడుపులో కోటి వరసలున్న టేబుల్‌ని తీసి మళ్ళీ పెట్టలేం. "ఉన్నదానికి ఈ కాలమ్ చేర్చు" అని చెప్పాలి. అంటే టేబుల్ విషయంలో గిట్‌లో పెట్టేది మార్పుల వరస. ఒకటో మార్పు, రెండో మార్పు, మూడో మార్పు, ఆ క్రమంలోనే నడవాలి. వీటినే మైగ్రేషన్లు అంటారు. ఏవి నడిచాయో రాసుకోవడానికి డేటాబేస్‌లోనే ఒక చిన్న టేబుల్ ఉంటుంది.

మాది ఒరాకిల్. ప్యాకేజీ అంటే ప్రొసీజర్ల మూట; అందులో ఏమేం ఉన్నాయో చెప్పే స్పెక్ ఒక ఫైలు, లోపలి కోడ్ ఉన్న బాడీ ఇంకో ఫైలు. బాడీ మాత్రమే మారితే స్పెక్ ముట్టుకోం, ముట్టుకుంటే దాని మీద ఆధారపడ్డవి ఇన్‌వ్యాలిడ్ అయిపోవచ్చు. ఇది తెలియక పట్టపగలు స్పెక్ కంపైల్ చేసి అందరి సెషన్లలో, ప్యాకేజీ పాత స్థితి పోయిందని చెప్పే 04068 ఎర్రర్ తెప్పించినవాళ్ళని చూశాను.

ఋషికొండ_గాలి
పాత_పోర్టు గారు చెప్పింది బంగారం. దానికి తోడు ఈ మైగ్రేషన్లని వరసగా నడిపే టూల్స్ సంగతి చెప్తాను. లిక్విబేస్ 2006 నుంచి ఉంది, ఫ్లైవే 2010 నుంచి. మేము పోస్ట్‌గ్రెస్ మీద ఫ్లైవే వాడుతున్నాం. మామూలు మైగ్రేషన్ ఫైలు పేరు వీ అక్షరం, నంబరు, రెండు అండర్‌స్కోర్లు, ఆ తర్వాత వివరం. ప్రొసీజర్లకీ వ్యూలకీ ఆర్ అక్షరంతో మొదలయ్యే ఫైళ్ళు. వీటిలో టెక్స్ట్ మారితే చాలు, మళ్ళీ నడుపుతుంది. నడిచిన వీ ఫైల్‌ని ఎవరైనా తర్వాత దిద్దితే చెక్‌సమ్ (ఫైల్లోని టెక్స్ట్ నుంచి లెక్కకట్టిన గుర్తు) కలవడం లేదని ఆగిపోతుంది. అలా ఆగడమే దాని గొప్ప. తప్పుంటే పాత ఫైలు ముట్టుకోకుండా కొత్త నంబరుతో సవరణ రాయాలి.

స్వాతి గారూ, నన్నడిగితే మొదటి రోజు నుంచే టూల్ పెట్టేయండి. సగం సగం చేస్తే ఎప్పటికీ పూర్తవ్వదు.

మధురవాడ_మెట్లు
దీనికి మాత్రం నేను ఒప్పుకోను. 340 ప్రొసీజర్లు, ఒప్పుకోని లీడ్, మీటింగ్‌లో అవమానపడ్డ మనిషి. ఆవిడకి మొదటి రోజే ఫ్లైవే పెట్టమనడం అంటే ఈత రానివాళ్ళని నేరుగా యారాడ బీచ్‌లో సముద్రంలోకి దింపడమే.

మేము చేసింది ఇది. ఎవరినీ అడగలేదు, ఎవరి పనీ మారలేదు. రాత్రి ఒంటిగంటకి ఒక స్క్రిప్ట్ ప్రొడక్షన్లోకి చదివే పర్మిషన్‌తో మాత్రమే వెళ్ళి, ప్రతి ప్రొసీజర్‌నీ ఒక్కో ఫైల్‌గా రాసి, గిట్‌లో కమిట్ చేస్తుంది, అంటే చరిత్రలో నమోదు చేస్తుంది. ఏమీ మారకపోతే కమిట్ ఉండదు. మారితే పొద్దున్నే టీమ్ మొత్తానికి మెయిల్: నిన్న ఇవి మారాయి, ఈ లైన్లు. అంతే. ఎవరు మార్చారో అది చెప్పదు, ఎందుకు మార్చారో చెప్పదు. కానీ నాలుగు రోజులు ఆ మెయిల్ చూశాక జనమే "ఇది నేను, ఫలానా కారణం" అని జవాబు రాయడం మొదలుపెట్టారు. ఆ అలవాటు పడ్డాక అసలు గిట్ పద్ధతికి రావడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

సెలెక్ట్_స్టార్
యారాడలో దింపడం భలే చెప్పారు. అక్కడ ఈతొచ్చినవాళ్ళే జాగ్రత్తగా దిగాలి.

ఋషికొండ_గాలి
రాత్రి స్క్రిప్ట్ అంటే జరిగిపోయినదాన్ని ఫొటో తీయడం. శుక్రవారం ఆయన చెరిపేయడాన్ని అది ఆపదు కదా.

మధురవాడ_మెట్లు
ఆపదు. కానీ శనివారం పొద్దున్నే తెలుస్తుంది, సోమవారం కస్టమర్ నోటి నుంచి కాకుండా. ఆవిడ చేతిలో ఆధారం ఉంటుంది. మొదటి మెట్టుకి అది చాలు.

గాజువాక_డీబీఏ
దీనికి నా ఓటు. చదివే పర్మిషన్ అంటే ఏ డీబీఏ అయినా ఇస్తాడు. ఎవరు మార్చారో కూడా కావాలంటే డీడీఎల్ ట్రిగ్గర్ (టేబుల్నో ప్రొసీజర్నో మార్చగానే దానంతటదే నడిచేది) ఉంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 నుంచీ ఉన్నదే. ఈవెంట్‌డేటాలో లాగిన్ పేరు, టైము, నడిపిన స్టేట్‌మెంట్ అన్నీ వస్తాయి. ఒక టేబుల్లో పడేసుకోండి. ఒక్క జాగ్రత్త: ఆ ట్రిగ్గర్ ఫెయిలైతే ఆల్టర్ కూడా ఫెయిలవుతాది. లాగ్ టేబుల్లో రాసే పర్మిషన్ అందరికీ ఉందో లేదో ముందే చూసుకోండి.

సీతమ్మధార_స్వాతి
గాజువాక అన్నా, మీకు రుణపడి ఉంటాను. గురువారం రాత్రి బ్యాకప్ రిస్టోర్ చేయించాను. ఐదు ప్రొసీజర్లలోనూ నా మార్పు ఉంది. శుక్రవారం రాత్రి బ్యాకప్‌లో మూడింట్లో ఉంది, రెండింట్లో లేదు. రెండూ ప్రింట్ తీసి లీడ్ టేబుల్ మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, "సారీ అమ్మా" అన్నారు. నేను ఆ మాట ఊహించలేదు.

రాత్రి స్క్రిప్ట్‌కి కూడా సరే అన్నారు. నిన్న చేత్తోనే మొదలుపెట్టాను. మేనేజ్‌మెంట్ స్టూడియోలో జనరేట్ స్క్రిప్ట్స్ నుంచి ఒక్కో ఆబ్జెక్ట్‌కి ఒక్కో ఫైలు తీసి గిట్‌లో పెట్టాను. ఈ రోజు మళ్ళీ తీస్తే అన్ని ఫైళ్ళూ మారినట్టు చూపిస్తోంది. ఏం మారిందో చూద్దామంటే డిఫ్ (పాతదానికీ కొత్తదానికీ తేడా) కనపడదు, బైనరీ ఫైల్ అంటోంది. నా తప్పేంటి?

మధురవాడ_మెట్లు
మీ తప్పేం లేదు, ఇవి రెండూ నన్నూ రెండు రోజులు తిన్నాయి.

బైనరీ అనడానికి కారణం: అక్కడ యూనికోడ్ అని సేవ్ చేస్తే అక్షరాలని దాచే పద్ధతుల్లో యూటీఎఫ్ 16 అనేదాన్లో రాస్తుంది. అందులో ప్రతి ఇంగ్లీషు అక్షరం పక్కనా ఒక సున్నా బైట్ ఉంటుంది, గిట్ దాన్ని చూసి ఇది టెక్స్ట్ కాదనుకుంటుంది. ఫైళ్ళని యూటీఎఫ్ 8లోకి మార్చి పెట్టండి.

అన్నీ మారినట్టు చూపడానికి కారణం: ప్రతి ఫైలు నెత్తి మీద "స్క్రిప్ట్ డేట్" అని ఆ రోజు తారీఖు, టైముతో ఒక కామెంట్ పెడుతుంది. ఆప్షన్లలో డిస్క్రిప్టివ్ హెడర్స్ ఫాల్స్ చేయండి. లైన్ ఎండింగ్స్ కూడా గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఒకేలా ఉండేలా రాసేయండి, లేకపోతే విండోస్ నుంచి ఒకసారి, లైనక్స్ నుంచి ఒకసారి కమిట్ చేస్తే మళ్ళీ ఇదే గోల.

ఎంవీపీ_మూర్తి
యూటీఎఫ్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మీ ప్రొసీజర్లలో తెలుగు మెసేజ్‌లు ఏమైనా ఉన్నాయా? వినియోగదారులకి వెళ్ళే ఎస్‌ఎంఎస్‌లాంటివి?

సీతమ్మధార_స్వాతి
ఉన్నాయి! "మీ బిల్లు గడువు రేపటితో ముగుస్తుంది" అని ఒక పది దాకా.

ఎంవీపీ_మూర్తి
అయితే జాగ్రత్త. ఎవరైనా ఆ ఫైల్‌ని తెలుగుకి చోటులేని పాత ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో సేవ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, ఆ తర్వాత ఎలా తెరిచినా వెనక్కి రావు. అలాగే కోట్స్ ముందు ఎన్ అక్షరం లేకపోతే, ఫైలు ఎంత బాగున్నా ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 ఆ తెలుగుని ప్రశ్నార్థకాలుగానే మార్చేస్తుంది. మా దగ్గర ఒక డిప్లాయ్ (కొత్త కోడ్‌ని ప్రొడక్షన్లో పెట్టడం) తర్వాత కొన్ని వేలమందికి ఉత్త ప్రశ్నార్థకాలతో మెసేజ్ వెళ్ళింది. ఒక పెద్దాయన ఆఫీసుకే వచ్చి, "బాబూ, నన్నేదో అడుగుతున్నారు, ఏం అడుగుతున్నారో తెలీట్లేదు" అన్నారు. ఆ మెసేజ్‌లని ప్రొసీజర్లలోంచి తీసి ఒక టేబుల్లో పెట్టాం, ఆ టేబుల్‌ని నింపే ఇన్సర్ట్ స్క్రిప్ట్ గిట్‌లో ఉంటుంది.

తగరపువలస_తేజ
అంటే డేటా కూడా గిట్‌లో పెట్టొచ్చన్నమాట?

పాత_పోర్టు
కొంతే. ప్రోగ్రాం నడవడానికి కావలసిన డేటా: జిల్లాల పేర్లు, పన్ను రేట్ల కోడ్లు, మెసేజ్‌లు. మనుషుల డేటా పెట్టకూడదు. టెస్టింగ్ కోసమని అసలు కస్టమర్ల పేర్లు, ఆధార్ నంబర్లతో ఇన్సర్ట్‌లు రాసి కమిట్ చేసినవాళ్ళున్నారు. గిట్‌లో తర్వాత ఆ ఫైలు తీసేసినా పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. రిపో (గిట్ ఫైళ్ళ నిల్వ) ఎవరు క్లోన్ చేసుకుంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది.

పాస్‌వర్డ్‌లు కూడా అంతే. స్వాతి గారూ, ఆ 340 ప్రొసీజర్లనీ అందరి రిపోలోకి పుష్ చేసే ముందు పాస్‌వర్డ్ అనే పదం కోసం ఒకసారి వెతకండి. వేరే సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ఓపెన్‌రోసెట్ వాడే చోట్ల తప్పకుండా చూడండి.

సీతమ్మధార_స్వాతి
వెతికాను. మూడు చోట్ల ఉంది. ఒకటి ఎస్‌ఏ (సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్. చేతులు చల్లబడ్డాయి. ఇంకా పుష్ చేయలేదు, దేవుడి దయ.

గాజువాక_డీబీఏ
పుష్ చేయకపోయినా ఆ పాస్‌వర్డ్ మార్పించండి. ఎన్నేళ్ళుగా ఎంతమంది చూశారో. గిట్ పుణ్యమా అని ఇప్పుడు బయటపడింది, అదే మేలు.

ఇంకో మూడు మాటలు. విత్ ఎన్‌క్రిప్షన్ పెట్టిన ప్రొసీజర్లుంటే టెక్స్ట్ నల్ (ఖాళీ) అని వస్తాది, వాటి సోర్స్ ఎవరి దగ్గరుందో ఇప్పుడే వెతుక్కోండి. ఎస్‌పీ రీనేమ్‌తో పేరు మార్చిన ప్రొసీజర్ల టెక్స్ట్‌లో పాత పేరే ఉంటాది, అది మారదు. అలాంటి ఫైల్‌ని తిరిగి నడిపితే పాత పేరుతో కొత్త ప్రొసీజర్ పుట్టుకొస్తాది. మూడోది, డ్రాప్ చేసి క్రియేట్ చేయకండి, పర్మిషన్లన్నీ ఎగిరిపోతాయి. 2016 సర్వీస్ ప్యాక్ 1 నుంచి క్రియేట్ ఆర్ ఆల్టర్ ఉంది, ఫైళ్ళన్నీ దాంతోనే మొదలెట్టండి.

ఋషికొండ_గాలి
పోస్ట్‌గ్రెస్‌వాళ్ళకి దీనికి జోడీ ఒకటుంది. క్రియేట్ ఆర్ రీప్లేస్ ఫంక్షన్‌లో ఇన్‌పుట్ పారామీటర్ల టైపులు మార్చారనుకోండి, పాతది పోదు. అదే పేరుతో రెండోది పక్కన చేరుతుంది. గిట్‌లో చూస్తే ఒకటే, డేటాబేస్‌లో రెండు. ఏది నడుస్తోందో తెలియక మేము ఒక పూటంతా కొట్టుకున్నాం. పాతదాన్ని డ్రాప్ చేసే లైన్ విడిగా రాయాలి.

పోస్ట్‌గ్రెస్‌లో నాకు నచ్చేది ఇంకోటి. మైగ్రేషన్ మధ్యలో ఫెయిలైతే టేబుల్ మార్పులు కూడా రోల్‌బ్యాక్ అవుతాయి, అంటే వెనక్కి పోతాయి. క్రియేట్ ఇండెక్స్ కాంకరెంట్లీలాంటివి కొన్ని మాత్రం ట్రాన్సాక్షన్ లోపల నడవవు, వాటిని విడి ఫైల్లో పెట్టుకోవాలి.

పాత_పోర్టు
ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లో ఆ సుఖం లేదు. డీడీఎల్ (టేబుళ్ళ ఆకారం మార్చే కమాండ్) నడిచిన వెంటనే కమిట్, అంటే డేటాబేస్‌లో ఖాయం, అయిపోతుంది. ఐదు మార్పులున్న ఫైల్లో మూడోది పగిలితే మొదటి రెండూ అక్కడే ఉండిపోతాయి. అందుకే మేము ఒక ఫైలుకి ఒకే మార్పు అని రూల్ పెట్టుకున్నాం.

గాజువాక_డీబీఏ
ఇదంతా బాగానే ఉంది. నాకొకటి చెప్పండి. రాత్రి రెండు గంటలకి ఫోనొస్తాది. ఒక ప్రొసీజర్ సర్వర్ని తినేస్తంది, పొద్దున్న ఆరుకి బిల్లింగ్ మొదలవ్వాలి. క్వెరీ ఎలా నడవాలో చెప్పే హింట్ ఒకటి తగిలిస్తే సర్దుకుంటాది. అప్పుడు నేను బ్రాంచ్ (మార్పుకి విడి దారి) తెరిచి, పుల్ రిక్వెస్ట్ (అసలుదాన్లో కలపమని అర్జీ) పెట్టి, ఎవరో నిద్ర లేచి అప్రూవ్ చేసేదాకా కూర్చోవాలా?

ఋషికొండ_గాలి
రూల్ అంటే రూలే. ఆ రాత్రి మార్పే తర్వాతి డిప్లాయ్‌లో చెరిగిపోతుంది, ఎందుకంటే గిట్‌లో అది ఉండదు. అప్పుడు మళ్ళీ రాత్రి రెండింటికి ఫోనొస్తుంది.

మధురవాడ_మెట్లు
ఇద్దరి మాటా నిజమే. మా దగ్గర రాత్రి మార్పుకి అనుమతి ఉంది, దాని పక్కనే ఒక షరతు ఉంది: పొద్దున్న పది లోపల అదే మార్పు గిట్‌లో ఉండాలి. రాత్రి స్క్రిప్ట్‌ని మేము ఇప్పటికీ తీసేయలేదు, దాని పనే మారింది. ప్రొడక్షన్లో ఉన్నదీ గిట్‌లో ఉన్నదీ తేడాగా ఉంటే అది అరుస్తుంది. ఆ తేడా పోయేదాకా డిప్లాయ్ బటన్ పనిచేయదు. నిద్ర మత్తులో మర్చిపోయినా అది గుర్తు చేస్తుంది, ఎవరూ ఎవరి మీదా అరవక్కర్లేదు.

గాజువాక_డీబీఏ
పదింటి దాకా అంటే ఒప్పుకుంటాను. నిద్రపోయి లేచి చేయొచ్చు.

సెలెక్ట్_స్టార్
వీళ్ళిద్దరినీ ఒక ఆదివారం ఆర్కే బీచ్‌లో కూర్చోబెట్టి ముంత మసాలా ఇప్పించాలి. ఒక్క పొట్లం చాలు, మెర్జ్ అయిపోతారు.

తగరపువలస_తేజ
నేను కూడా వస్తాను. ఈలోగా ఇంకో డౌట్. మా టీమ్‌లో ఇద్దరం వేర్వేరు బ్రాంచ్‌ల్లో 14 నంబరుతోనే మైగ్రేషన్ రాశాం. మెర్జ్‌లో గిట్ ఏమీ అనలేదు, డిప్లాయ్‌లో ఆగిపోయింది.

ఋషికొండ_గాలి
ఫైళ్ళ పేర్లు వేరు కాబట్టి గిట్‌కి అది గొడవలా కనపడదు. నంబరు బదులు తారీఖూ టైమూ వాడండి, ఏడాది నుంచి సెకన్ల దాకా. అప్పుడు ఢీకొనడం దాదాపు ఉండదు. మెర్జ్‌కి ముందే ఖాళీ డేటాబేస్ మీద మొదట్నుంచి అన్నీ నడిపి చూసే బిల్డ్ ఒకటి పెట్టుకుంటే ఇలాంటివన్నీ అక్కడే దొరికిపోతాయి.

మధురవాడ_మెట్లు
ఖాళీ డేటాబేస్ బిల్డ్ బంగారమే, ఒక్క మెలిక ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్లో లేని టేబుల్‌ని పిలిచే ప్రొసీజర్ కూడా క్రియేట్ అయిపోతుంది, నడిపినప్పుడే ఎర్రర్ వస్తుంది. బిల్డ్ పచ్చగా ఉందని, అంటే ఎర్రర్ లేకుండా నడిచిందని నమ్మి వదిలేయొద్దు, ముఖ్యమైన ప్రొసీజర్లని ఒకసారి పిలిచి చూసే టెస్టులు కావాలి.

ఇంకోటి, కమాండ్ లైన్ నుంచి పాత ఎస్‌క్యూఎల్‌సీఎండీతో నడిపితే కోటెడ్ ఐడెంటిఫయర్ (డబుల్ కోట్స్‌లో ఉన్నది పేరా, టెక్స్టా అని తేల్చే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటుంది. ప్రొసీజర్ ఆ సెట్టింగ్‌ని తనతోపాటే దాచుకుంటుంది. ఫిల్టర్డ్ ఇండెక్స్ (కొన్ని వరసలకే ఉండే ఇండెక్స్) ఉన్న టేబుల్లో ఇన్సర్ట్ చేసే ప్రొసీజర్ అలా క్రియేట్ అయితే ప్రొడక్షన్లో పగులుతుంది. పెద్ద ఐ ఆప్షన్ ఇవ్వండి, లేదా ఫైల్లోనే సెట్ లైన్ రాయండి.

సీతమ్మధార_స్వాతి
మూడు వారాలైంది, సంగతి చెప్పకపోతే బాగోదు. రాత్రి స్క్రిప్ట్ నడుస్తోంది. రెండో వారంలోనే శుక్రవారం నాటి కథ మళ్ళీ జరిగింది, ఈసారి వేరే ఇద్దరి మధ్య. పొద్దున్న మెయిల్లో 31 లైన్లు ఎర్రగా, అంటే పోయినట్టు కనపడ్డాయి, తొమ్మిదిన్నరకల్లా సరిచేశారు. కస్టమర్ దాకా వెళ్ళలేదు. డెవలపర్ల ఆల్టర్ పర్మిషన్ కూడా ఒకటో తారీఖు నుంచి తీసేస్తున్నారు.

నిన్న లీడ్ వచ్చి, "జూన్‌లో ఈ రాయితీ లెక్క 5 శాతం నుంచి 4కి ఎవరు మార్చారో గిట్‌లో చూడమ్మా" అన్నారు. మన చరిత్ర మొదలయ్యిందే మూడు వారాల కిందట. అంతకుముందు ఏం జరిగిందో ఎప్పటికీ తెలీదు కదా. ఆయన మొహం చూస్తే నాకే బాధేసింది.

గాజువాక_డీబీఏ
ఎందుకు తెలీదు? మీ దగ్గర నెలవారీ బ్యాకప్‌లు దాస్తారా?

సీతమ్మధార_స్వాతి
దాస్తారు. ప్రతి నెలాఖరుదీ ఒకటి విడి డిస్క్ మీద ఉంటుంది. 14 నెలలవి ఉన్నాయి.

గాజువాక_డీబీఏ
మరింకేం. అన్నిటికంటే పాతది ముందు రిస్టోర్ చేయండి. అదే స్క్రిప్ట్ దాని మీద నడిపి కొత్త రిపోలో కమిట్ చేయండి. కమిట్‌కి ఆ నెల తారీఖు ఇవ్వొచ్చు, గిట్ ఒప్పుకుంటాది. తరవాతి నెలది, ఆ తరవాతిది, అలా 14. చివర మీ మూడు వారాలవీ ఎక్కించండి. ఎవరు మార్చారో రాదు, ఏ నెలలో మారిందో వస్తాది. డిస్క్ జాగా ఒక్క బ్యాకప్‌కి సరిపడా ఉంటే చాలు, ఒకటి అయ్యాక తీసేసి ఇంకోటి.

ఎంవీపీ_మూర్తి
ఇది నాకెందుకు తట్టలేదు! పదేళ్ళ బ్యాకప్‌లు బీరువాలో ఉన్నాయి మా దగ్గర.

ఋషికొండ_గాలి
అన్నా, ఇది నేను రాసి పెట్టుకుంటున్నాను.

సీతమ్మధార_స్వాతి
శనివారం పొద్దున్నే ఆఫీసుకి వచ్చాను, లీడ్ కూడా వచ్చారు. ఒక్కో రిస్టోర్‌కి 40 నిమిషాలు పడుతోంది. ఆరు నెలలవి ఎక్కాయి. ఆ ప్రొసీజర్లో మార్చి దాకా 5 శాతమే ఉంది. ఏప్రిల్ నెలాఖరుది ఇప్పుడే పెట్టాం, 62 శాతం దగ్గర ఉంది. ఆయన కింద నుంచి టీ తేవడానికి వెళ్ళారు.